మూడొందల యూనిట్ల లోపు

పోయిన వారం మా జిల్లావాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. పాస్‌పోర్టు పేజీని ఎవరో ఫోనుతో తీశారు, మూలన బొటనవేలు కూడా పడింది. కువైట్‌లో, రుమైథియాలోని ఒక ఇంట్లో పనిచేసే ఆమె గుండె ఆగి పోయిందని, ఊరికి పంపే కాగితాల పని తెలిసినవాళ్ళు ముందుకు రావాలని కింద రాశారు. పేరు చదివి ఎవరో పాపం అనుకున్నాను. మళ్ళీ ఫొటో చూశాను. వేరే ఇంటికి మారక ముందు ఆరేళ్ళు ఒకే ప్రహరీ లోపల ఆమెతో కలిసి పనిచేశాను, అక్కా అని తప్ప ఇంకో రకంగా ఎప్పుడూ పిలవలేదు. ఇప్పుడు ఆ పేరు ఇక్కడ రాస్తే ఎవరో పరాయి మనిషి గురించి రాస్తున్నట్టు నాకే అనిపిస్తుంది. అందుకని రాయడం లేదు.

ఆమె చాలా మంచిది అని మొదలుపెట్టడం కూడా నావల్ల కాదు. ఆ ఇంట్లో డ్రైవరుగా చేరిన మొదటి ఏడాది ఆమెను చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. కారణం స్విచ్చులు.

మూడంతస్తుల ఇల్లు. మగవాళ్ళు సాయంత్రాలు కూర్చునే దివానియాలో పెద్ద దీపాల గుత్తి మధ్యాహ్నం నుంచే వెలుగుతూ ఉండేది. చదువులకు పై దేశం పోయిన పిల్లల గదుల్లో ఏసీలు ఖాళీ మంచాలను చల్లబరుస్తూ ఉండేవి. అప్పటికే పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో పాతుకుపోయిన అక్క, భుజం మీద తుడిచే గుడ్డ వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూ ఒక్కొక్కటే ఆపేసేది. చేతులు ఎప్పుడూ తడిగా ఉండేవి గనక వేలితో కాకుండా మణికట్టు వెనక వైపుతో టక్కున కొట్టేది. కొట్టే ముందు ఒక మాట అనేది, మనుషులతో కాదు, గదితో. "ఎవురికి ఎలగతాండాది ఇది?" సోఫాలో ఉన్న ఇంటావిడ, పనివాళ్ళందరికీ మామా, "ఖల్లీ, ఖల్లీ" అనేది, ఉండనివ్వు అని. అక్క మళ్ళీ వేసేది. మామా మెట్లెక్కి పైకి పోయాక మళ్ళీ ఆపేది.

నా గది గేటు పక్కన ఉండేది. కిటికీ ఏసీ, అదీ ముసలిది, గది చల్లబడ్డానికి గంట పట్టేది. మామాను ఎక్కడో దించి వచ్చేసరికి అక్క దాన్ని ఆపేసి ఉండేది. జులైలో అలాంటి గదిలోకి అడుగు పెట్టడం ఎలా ఉంటుందో ఇక్కడ పనిచేసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఒకసారి ఓపిక చచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి అరిచాను. బిల్లు మామాది, గది నాది, మధ్యలో నీకేం నొప్పి అని. ఆమె పుదీనా తుంచుతూ తలెత్తలేదు.

"నువ్వు లేనప్పుడు గది సల్లగుండి ఏం జేస్తాదిరా అబ్బీ? నిద్రబోతాదా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది.

ఇంట్లో ఆమె మాట ఎదురు లేకుండా చెల్లింది గీజర్ల దగ్గర మాత్రమే. ఇక్కడ ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కొళాయిలో పొగలు కక్కే నీళ్ళు వస్తాయి. గీజరేమో ఇంటి లోపల చల్లటి చోట ఉంటుంది. దాన్ని ఆపేస్తే అందులో నిలవున్న నీళ్ళు చల్లబడతాయి, వేణ్ణీళ్ళ కొళాయి తిప్పితే చన్నీళ్ళు వస్తాయి. ఇది కువైట్‌లో అందరూ చేసేదే. కానీ అక్క మే నెల రాగానే ఇంట్లోని ఏడు గీజర్లూ ఆపి, స్విచ్చుల మీద మందుల పెట్టెలోని తెల్ల ప్లాస్టర్ అంటించేది. అక్టోబరు దాకా ఎవరూ ముట్టకూడదు. కొత్తగా వచ్చిన కోడలు ఆ ప్లాస్టర్ పీకి స్విచ్చు వేసి, రెండు కొళాయిల్లోనూ కాలే నీళ్ళే వచ్చి, ఒళ్ళంతా సబ్బు నురగతో స్నానాల గదిలో కూర్చుండిపోయింది. ఈ కథను అక్క మూడేళ్ళపాటు చెప్పుకుని నవ్వింది.

తర్వాత రోజులు మారాయి. ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోని కరెంటు, నీళ్ళ బాకీలు కట్టందే ఏ సర్కారు కాగితమూ కదలదన్నారు. మామా పెద్దకొడుకు ఏదో పని మీద పోయి ఆ బాకీ దగ్గర ఆగిపోయాడు. అంతా కట్టేసి ఇంటికొచ్చి నానా యాగీ చేశాడు. ఆ సాయంత్రం మామా వంటింట్లోకి వచ్చి, ఇవాళ్టి నుంచి ఈ ఇంటికి కరెంటు మంత్రివి నువ్వే అని అక్కతో అంది. ఆమె సరదాకే అంది, అక్క మాత్రం నిజంగానే తీసుకుంది. మర్నాటి నుంచి ఆ పెద్దకొడుకునే దివానియా గుమ్మంలో ఆపి, లోపల ఎవరున్నారని అన్ని దీపాలని అరబ్బీలో నిలదీసేది.

అయితే ఆమె ప్రాణం ఈ ఇంటి మీటరులో లేదు, రాజంపేట పక్కన పల్లెలోని ఇంకో మీటరులో ఉండేది.

రోజూ మధ్యాహ్నం భోజనాల గిన్నెలు కడిగాక ఊరికి వీడియో కాల్ చేసేది. అవతల ఫోను ఎత్తిన ఆమె పలకరింపు కూడా లేకుండా వరండాలోకి నడిచి ఫోనును మీటరు ముందు పెట్టేది. ఆ మీటరు అద్దంలో ఏవేవో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతూ ఉంటాయి, కావలసిన అంకె వచ్చేదాకా ఆగాలి. అక్కకు తెలుగు అక్షరాలు రావు. అంకెలు మాత్రం మనవీ అరబ్బీవీ రెండూ వచ్చు. కళ్ళు చికిలించి చదివి, నిన్నటి అంకెను మనసులోనే తీసేసి, నిన్నటికన్నా ఎక్కువ ఎందుకు కాలిందో అడిగేది. మోటారు ఎంతసేపు వేశారు, ఇస్త్రీ ఎవరు చేశారు, బయటి లైటు తెల్లారాక ఎప్పుడు ఆపారు. రుమైథియా వంటింట్లో స్టూలు మీద కూర్చుని రాజంపేట దగ్గరి ఇంట్లో ఇస్త్రీపెట్టె ఆపించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ మీటరు ఆమె చెల్లెలి పేరు మీద ఉంది. మామిడికాయల లోడు ట్రాక్టరు బోల్తా పడి నడుం విరిగి, ఆ చెల్లెలు ఎనిమిదేళ్ళుగా మంచం మీదే ఉంది. మంచాన పడ్డవాళ్ళకు ఇచ్చే పింఛను ఆమెకు వచ్చేది. ఆమెను పొర్లించడానికి, కడగడానికి, తినిపించడానికి జీతానికి ఒక మనిషిని పెట్టారు, రోజూ ఫోను ఎత్తేది ఆమే. అక్క ఆలోచన సూటిగా ఉండేది. కొంత కూడబెట్టుకుంది. పింఛను ఎలాగూ వస్తుంది. జీతపు మనిషి చోట్లో తానే పోయి కూర్చుంటే ఇక ఈ దేశంతో పనిలేదు. చేతిలో ఉన్న ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, అయిపోగానే ఖలాస్, ఊరికి పోతానని మామాకు ముందే చెప్పేసింది.

ఆ ఆలోచనను చెడగొట్టింది ఆమె పొదుపే. కువైట్ డబ్బుతో ఊళ్ళో ఇల్లు కట్టించినప్పుడు ఒకే గోడకు అటూ ఇటూ రెండు వాటాలు వేయించింది, ఒకటి చెల్లెలికి, ఒకటి తనకు. తన వాటాలో తమ్ముడి కుటుంబాన్ని ఉండమంది. మీటరు దగ్గరికి వచ్చేసరికి రెండెందుకు దండగ, నెలనెలా రెండు బిల్లులు ఎందుకు అని, ఒకే మీటరు పెట్టించి రెండో వాటాకు దాన్నుంచే వైరు లాగించింది. మా వైపు కువైట్ డబ్బుతో లేచిన ఇళ్ళలో చాలావాటికి ఇదే తెలివి. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుందని, ఒకే మీటరు వల్ల మిగిలేది లేకపోగా పోయేదే ఎక్కువని నేను కాగితం మీద గీతలు గీసి మరీ చెప్పాను. ఆమె అంతా విని, ఇంత తెలిసినోడివి మామా బండి తోలడానికి ఎందుకొచ్చావని అడిగింది.

తమ్ముడు ఏసీ కావాలన్నాడు, డబ్బు పంపింది. చెమటకు వీపు కింద పుండ్లు పడుతున్నాయని డాక్టరు అంటే చెల్లెలి గదిలోనూ ఒకటి పెట్టించింది. రెండు వాటాల వాడకం కలిసి మీటరు నెలకు మూడు వందల యూనిట్లు దాటింది. పింఛను ఆగిపోయింది. ఊరి సచివాలయంలో అడిగితే, అంత కరెంటు కాల్చే ఇల్లు పేద ఇల్లు కాదని జాబితాలోంచి పేరు తీసేశారట. ఆరు నెలల సగటు మూడు వందల లోపుకు వస్తే మళ్ళీ అర్జీ పెట్టుకోమన్నారు. నడుం కింద స్పర్శ లేని మనిషి పేదదో కాదో గోడకున్న మీటరు చెబుతుందన్న మాట. దానికి తోడు, ఎప్పుడో కాల్చిన కరెంటుకు ఇప్పుడు సర్దుబాటు పేరు పెట్టి బిల్లులో కొత్త వరసలు కలిపారు. అంత వసూలు చేసేవాళ్ళు కరెంటైనా సరిగ్గా ఇస్తారా అంటే, గాలి గట్టిగా వీస్తే సాయంత్రం దాకా ఉండదు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ మండుతోంది.

తమ్ముడి వాటాకు విడి మీటరు పెడితే సమస్యే లేదు. స్థలం అక్క పేరు మీద ఉంది గనక ఆమె సంతకంతో అధికార పత్రం కావాలన్నారు. మామాను బతిమాలి ఒక పూట సెలవు తీసుకున్నాం, నేనే బండిలో తీసుకుపోయి ఆ పత్రం చేయించాను. ఇక్కడే బ్నీద్ అల్ గార్‌లో ఉండే మా పక్క ఊరివాడు సెలవుకు పోతుంటే అతని చేతికిచ్చి పంపాం. తమ్ముడు దాన్ని భద్రంగా బీరువాలో పెట్టాడు. తర్వాత నుంచి ఒకటే కథలు. లైన్‌మన్ ఊళ్ళో లేడన్నాడు, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు సరిపోదన్నారన్నాడు, ఇంటిపన్ను రసీదు విడిగా కావాలన్నారన్నాడు. అందులో కొంత నిజమే కావచ్చు, ఆ ఆఫీసుల చుట్టూ నేనూ తిరిగినవాణ్ణే. కానీ విడి మీటరు వస్తే విడి బిల్లు తన చేత్తో కట్టుకోవాలని అతనికి బాగా తెలుసు. ఈ మాట నేను అక్కతో కరాఖండిగా అన్నాను. గట్టిగా అడగమన్నాను.

"వానితో చెడిపోతే రేపు దాన్ని ఆస్పత్రికి ఎత్తకపొయ్యేది ఎవురు? నువ్వా?" అంది.

బండి కడగడానికి వెళ్ళిపోయాను.

ఇక మిగిలింది మీటరుతో పోరాటం. డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలు. ఆమె ఇఖామా జూన్‌లో అయిపోతుంది. అంటే ఆ ఆరు నెలలు సగటు నిలబడితే పింఛను అర్జీ, తర్వాత విమానం. చలికాలం బాగానే గడిచింది, యూనిట్లు మిగిలాయి కూడా. ఏప్రిల్ నుంచి మీటరు పరుగెత్తింది. అక్క చెల్లెలి గదిలో ఏసీ ఆపించింది. ఫ్యాను వేసి, తడిగుడ్డ కప్పి, గంటకోసారి పొర్లించమంది. తమ్ముణ్ణి కూడా ఏసీ తగ్గించమని అడిగింది. చంటివాడికి చెమటకాయలు లేస్తున్నాయని అతను పగలూ వేస్తూనే ఉన్నాడు. చెల్లెలు మాత్రం ఏమీ అనలేదు. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు.

మే నెల చివర ఒక మధ్యాహ్నం రుమైథియాలో కరెంటు పోయింది. వాడకం ఎక్కువైందని, ఫలానా చోట్ల ఫలానా గంటల్లో ఆపుతున్నామని ఆ ఏడాది ఇక్కడ కూడా ఫోన్లకు కబుర్లు వస్తుండేవి. మామా కోడల్నీ పిల్లల్నీ వెంటబెట్టుకుని మాల్‌కు పోయింది. వాళ్ళను దించి నేను తిరిగొచ్చేసరికి ఒంటి గంటన్నర. అక్క వంటింట్లో పెద్ద ఫ్రీజరుకు నాలుగు దుప్పట్లు చుట్టి, మూత ఎవరూ తెరవకుండా దానికే వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉంది. బండిలో ఏసీ వేస్తాను వచ్చి కూర్చో అన్నాను. పెట్రోలు కాల్చుకుంటూ కూర్చోవడానికి నాకేం పిచ్చి పట్టలేదంది.

రెండు గంటలే అన్నారు. రెండు గంటలు దాటింది. అన్ని గాజు కిటికీలున్న ఆ ఇల్లు ఏసీ లేకుండా బతకడానికి కట్టింది కాదు. చెమట కళ్ళలోకి కారుతోంది. చన్నీళ్ళ కొళాయి కింద చెయ్యి పెట్టలేం. అక్క తలగుడ్డ తీసేసింది, జుట్టు మెడకు అతుక్కుపోయింది. వంటింటి నుంచి హాల్లోకి వచ్చి పాలరాతి మీద వెల్లకిలా పడుకుంది. నేనూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆమె పైకప్పు వైపు చూస్తూనే మాట్లాడింది. ఇరవై రెండేళ్ళలో తాను ఎండాకాలం ఊళ్ళో ఎప్పుడైనా ఉందేమో గుర్తు చేసుకుంటోందట. లేదట. మామావాళ్ళు ఎండలకు పై దేశాలు పోతే ఇల్లు కనిపెట్టుకుని ఉండాలి గనక ఆమెకు సెలవు ఎప్పుడూ చలికాలంలోనే. ఇన్నేళ్ళలో ఎండంటే ఆమెకు వంటింటి తలుపు నుంచి గేటు బయటి చెత్తడబ్బా దాకానే.

"దాన్ని పొర్లిస్తే సరిపోతాదనుకున్యా," అంది. లేచి కూర్చుని ఫోను తీసింది.

అవతల ఆమె అలవాటు ప్రకారం మీటరు దగ్గరికి నడవబోయింది. అక్క వద్దంది, చెల్లెల్ని చూపించమంది. ఫోను ఆ గదిలోకి పోయింది. నేను కూడా వంగి చూశాను. తడి తువాలు మీద పక్కకు తిప్పి పడుకోబెట్టిన మనిషి, వీపు మీద కట్లు, మొహం ఎర్రగా ఉబ్బి ఉంది. కళ్ళు తెరిచి అక్కను చూసి నవ్వబోయింది. గోడ అవతల తమ్ముడి ఏసీ రొద ఆ ఫోనులోంచి మా ఇద్దరికీ స్పష్టంగా వినబడింది.

అక్క గొంతు మామూలుగానే ఉంది. "ఏసీ ఎయ్యి," అంది.

జీతపు మనిషి కంగారు పడింది. సగటు లెక్కలో ఇంకా అరవై యూనిట్లే మిగిలున్నాయని, నెల ఆఖరుకు ఆరు రోజులున్నాయని, తమ్ముడి వైపే రోజుకు పది కాలుతున్నాయని, ఇప్పుడు వేస్తే ఆరు నెలల కష్టమూ పోతుందని గడగడా చెప్పింది. అంత బాగా నేర్పింది అక్కే.

"నాకు తెల్సు. ఎయ్యి. మల్లా నేను ఆపమన్నా ఆపొద్దు."

ఏసీ వేసిన చప్పుడు విన్నాక ఫోను పెట్టేసింది. నాకు ఆ తమ్ముడి మీద, సచివాలయం మీద, ఆ మీటరు మీద, ఈమె మీద కూడా పట్టలేని కోపం వచ్చింది. మీటరు పెట్టించే రోజు నాలాగా లెక్క చెప్పే మనిషి పక్కన ఉండి ఉంటే అని ఏదో అన్నాను. ఇంకో అరగంటకు కరెంటు వచ్చింది. అక్క లేచి పోయి ఫ్రీజరు దుప్పట్లు విప్పి మడతపెట్టింది. మాంసం కరగలేదని నన్ను పిలిచి చూపించింది.

ఆ సాయంత్రమే మామా దగ్గరికి పోయి ఇఖామా పొడిగించమంది. మామా ఆమెను పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. నేను ముందే చెప్పానుగా, మమ్మల్ని వదిలి పోలేదని, అని కోడలితో అంది. అక్క కూడా నవ్వింది, కాదనలేదు. మామా సోఫాలో కూర్చునే ఫోనులో ఏవో నొక్కింది. ఐదు నిమిషాల్లో రెండేళ్ళు అయిపోయాయి.

మర్నాడు సరుకులకు ఇద్దరం జమియాకు పోతున్నాం. బండిలో ఉండగా ఊరి నుంచే కాల్ వచ్చింది, ఎప్పుడూ అలా రాదు. చెల్లెలు. రాత్రి మెలకువ రాకుండా నిద్రపట్టిందని, పుండ్ల మంట తగ్గిందని చెబుతోంది. గొంతు కూడా తేరుకుంది. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, అక్క వచ్చే రోజు కోసం తాను మంచం పక్క గోడ మీద గీతలు గీయిస్తున్నానని చెప్పింది. ఇంక ఇరవై మూడు దినాలే గదా అని అడిగింది.

అక్క ఒకసారి నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను.

"అవునమ్మే, ఇరవై మూడే," అంది. "నువ్వు ఏసీ మాత్రం ఆపొద్దు."